గొలుసు గుండీల జోడు

కూసో బిడ్డా, గడప మీద కాదు, గీ మంచం మీద కూసో. నువ్వెందుకొచ్చినవో నాకెర్కనే. గా అగ్గిపెట్టెల ఏమున్నదో గూడ ఎర్కనే. తియ్యకు, నేనన్నప్పుడు తీద్దువు. శుక్కురారం నీ షాది. కోటు కుట్టించుకున్నవ్, లోపటి సొక్కకు చేతుల కాడ గుండీలు లేవు, ఒట్టి బొక్కలే. మీ తాత గొలుసు గుండీ ఒకటి మీ ఇంట్ల ఉన్నది, దాని జోడుది జంగయ్య తాత తాన ఉన్నదని మీ దాదీ అజీజా బేగం చెప్పి తోలింది. అవునా? ఇయ్య. ముందుగాల్నే చెప్తున్న, ఇయ్య. చాయ్ తాగి పో.

మీ తాత పీర్ మహమ్మద్ నాకేం చేసిండో నీకెవ్వలన్న చెప్పిండ్రా? చెప్పరు. ఊరంత మంచోడంటది. మంచోడే, కుట్టు మిషిని మీద కూసున్నంత సేపు. సంగపోళ్ల దినాలల్ల దొర పట్నం పారిపోయినంక గడి తలుపులు తీసిండ్రు. ధాన్యం పంచిండ్రు, కాయిదాలు కాలవెట్టిండ్రు. పంచుడంత సంగం పెద్ద నర్సింగమ్మ చేతుల మీదనే. 'ఎవ్వలకు రెండు లేవు, అందరికి ఒకటే' అన్నదంటే ఒకటే, దేవుడు దిగొచ్చినా ఒకటే. సామాన్ల అడుగున ఒక మఖ్మల్ డబ్బి ఎల్లింది. తెరిస్తె గీ గుండీలు. జర ఆలోచించు, చిటికెనంత గొలుసు, ఈ కొసకొక బిళ్ళ, ఆ కొసకొక బిళ్ళ. సూసినోనికి గదే జోడనిపిస్తది. రెండు చేతులకు రెండు గావాలెనని మాకేం ఎర్క, మా సొక్కలకు చేతులుంటెనే గొప్ప. నర్సింగమ్మ ఒకటి నాకిచ్చింది, 'నీ లగ్గమున్నది గద జంగయ్యా' అని. ఇంకోటి మీ తాతకు, 'దర్జీ ఇంట్ల గుండీ అక్కరకొస్తది తియ్ పీరన్నా' అని. దొర సొక్కలు కుట్టిందెవ్వలు? మీ తాత. చేతులకు బొక్కలు కోసిందెవ్వలు? మీ తాత. అది జోడని ఆయనకు తెల్వదా? నోరు తెరిసిండా? పాన్ నములుకుంట నిలవడ్డడు! తర్వాత అడిగితె ఏమంటడు? 'చెప్తే నర్సింగమ్మ రెండూ నీకే ఇస్తుండె జంగయ్యా, లగ్గపోనివి గద.' గిదీ ఆయన నిజాయితి.

నా లగ్గం సొక్క గూడ ఆయనే కుట్టిండు, దొర సొక్క లెక్క, చేతులు మడతవెట్టి. గప్పుడు తెల్సింది నాకు రెండు గావాలెనని. 'ఒక్క దినానికియ్యి పీరన్నా' అన్న. 'నాది నేను పెట్టుకోని వస్త, నీ లగ్గానికి నేను గొప్పగ రావొద్దా? నువ్వు ఎడమచెయ్యి జేబుల పెట్టుకో, దొరలు గట్లనే నిలవడ్తరు' అన్నడు. పెట్టుకున్న. పొద్దటి సంది జేబులనే. గని పుస్తె కట్టాలె గద, ఒక్క చేతితోని మూడు ముళ్లు పడ్తయా? చెయ్యి బయటికి తీసిన. గుండీ లేని సొక్క చెయిపట్టి ఇప్పుకోని ఏలాడి పోయి పసుపునీళ్ల గిన్నెల మునిగింది. నా మరదలు బిక్షమ్మ అందరి ముంగట 'బావా, నీ సొక్కకు దూపైనట్టున్నది, నీళ్లు తాగుతాంది' అన్నది. గా దినం సంది ఆమెతోని మాట్లాడ. ఆమె పోయి పదేండ్లాయె, అయినా మాట్లాడ.

ఆఁ, ఎక్కడున్న? గదే యేడు మిల్ట్రి వచ్చింది. నిజాం పోయె, రజాకార్లు పోయిరి, ఇగ సుఖమనుకున్నం. మిల్ట్రి ఎనుకనే దొర మనుషులు తిరిగొచ్చిరి. గడి సామాను ఎవ్వలింట్ల దొరికితె వాళ్లను కట్టేసి కాంపుకు తోలుడే. మా ఇంటికొచ్చేటాలకు దండెం మీద నా లగ్గం సొక్క, కుడిచేతికి గుండీ మెరుస్తాంది. దాసిపెట్టుకోవద్దా అంటవా? దాసిపెట్టుకుంటె ఎవ్వలు సూస్తరు మరి? దొర మున్షి దాన్ని పట్టుకోని 'గిది దొరది' అన్నడు. నా పెండ్లాం గోపమ్మకు గప్పుడు ఏడో నెల. గోడకొరిగి అట్లనే కూలవడ్డది.

గా దినాలల్ల సాయబులు ఇల్లు దాటాలెనంటే భయం బిడ్డా. ఏ ఊర్లె ఏమైందో రోజొక్క మాట ఇనవడుతుండె. గసొంటప్పుడు, పట్టపగలు, మెడల టేపేసుకోని, దవడ నిండ పాన్ పెట్టుకోని, వాడకట్టు నడుమకెళ్లి మీ తాత నడిసొచ్చిండు. 'సలాం మున్షి సాబ్, గది నా తానది. దొరనే నమూనకిచ్చిండు. గుండీ చేతుల లేకుంటె బొక్క ఎంత కోయాలె? జంగయ్య సొక్క మీద పెట్టి సూసిన, గంతే.' మున్షి 'దీని జోడేది?' అన్నడు. 'నమూనకు ఒకటే ఇస్తరు గద సాబ్. దొంగిలించేటోడైతె ఒకటి తీస్కోని ఒకటి ఇడుస్తడా?' మున్షి గునిసిండు, 'అయితె నేను తీస్కపోత.' మీ తాత 'తీస్కపోండ్రి. రేపు దొర కొత్త సొక్కకు బొక్క పెద్దగైతె మీ పేరు చెప్త' అన్నడు. మున్షి గుండీని ఆడనే ఇడిసి మనుషులను తోలుకోని ఎల్లిపోయిండు. వాళ్లు మూల మలగంగనే మీ తాత పానంత అరచేతులకు ఉమ్మిండు. అండ్ల ఏమెల్లింది? రెండో గుండీ! ఇంట్ల పెడ్తె దొరుకుతదని దవడల పెట్టుకోని, దాని మీదికెళ్లి గన్ని మాటలు మాట్లాడిండు.

నేను దండం పెడ్దామని రెండు చేతులు లేపిన. ఒట్టు. గప్పుడేమన్నడో తెల్సా? ఎర్రటి చెయ్యి చాపి, 'అందరి ముంగట అది నాదంటె నువ్వు కాదనలే. ఇగ ఇటియ్యి' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, అయితె ఏంది? లేపిన చేతులు దించిన. గుండీ ఇయ్యలే, దండమూ పెట్టలే.

మీ నాయిన షాదికి పోయిన. నా కుడిచేతికి నాది, ఆయన ఎడమచేతికి ఆయనది. ఎవ్వలో కావాలెననే మమ్ముల పక్కపక్కన కూసోవెట్టి 'జోడు కలిసింది' అని నవ్విండ్రు. మేం నవ్వలే. ఆయనకు మట్టియ్య పోయిన్నాడు నేను గుండీ పెట్టుకోలే. చెయిపట్టి ఇప్పుకోని ఏలాడంగనే పోయిన. ఎవ్వలు సూడలే.

సొక్క తెచ్చినవా? తెచ్చినవ్, తెలివైనోనివే. తొడుగు. అగ్గిపెట్టె తియ్యి. అబ్బబ్బ, గింత నల్లగైందేందిరా, మీ ఇంట్ల ఎవ్వలకు చేతులు లేవా? ఎడమచెయ్యి చాపు. గట్ల గాదు, ఒక పట్టి మీద ఇంకో పట్టి రావొద్దు. రెండంచులు దండం పెట్టినట్టు కలవాలె, గప్పుడు గుండీ దూరాలె. ఇగో, గిట్ల.

...

నాదా? గా గూట్లె ఉన్నది, తీస్కో. ఏం సూస్తున్నవ్? మెరుస్తాందా? పొద్దుగాల చింతపండు పెట్టి తోమిన. ఊకెనే తోమిన, నీ కోసమేం గాదు. శుక్కురారం బగారన్నమేనా? అండ్లకు దాల్చ జర పుల్లగ చెయ్యుమను.