ఖాళీ కడుపు

గల్ఫ్‌లోని మనామాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పొద్దున ఎనిమిదిన్నర. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన తుబ్లీ లేబర్ క్యాంపు కూలీ వెంకటి థియేటరు బయట మంచమెక్కి పడుకున్నాడు. మత్తు సిస్టరు కళ అతని చేతికి సూది గుచ్చుతోంది. సూది కంటే అతని ప్రశ్నలే ఎక్కువగా గుచ్చుకుంటున్నాయి.

“గట్లయితే నాకు మత్తిచ్చేది నువ్వా, డాక్టరా?”

“కాగితం మీద డాక్టరు, కాకా. చెయ్యి గుంజకు.”

“కాగితం ముచ్చట కాదు బిడ్డా, మనిషెవరని.”

“డాక్టర్ ఖలీద్ సాబ్ ముహర్రక్ నుంచి వస్తున్నడు. ఆయన వచ్చి నిలవడాలె. మందులు నేనే నింపుత, గొట్టం నేనే అందిస్త, నువ్వు ఊపిరి తీస్తున్నవా లేదా నేనే చూస్త. నువ్వు మంచిగ లేస్తే ఆయనకు థాంక్స్ చెప్తరు.”

“లేవకపోతే?”

“అప్పుడు నన్ను యాది చేస్తరు.”

“మంచి నౌకరే. నా బిడ్డ భూలక్ష్మి జగిత్యాలల గిదే కోర్సు చేస్త అంటున్నది. ఫ్యూచర్ ఉంటదా?”

“ఎందుకుండదు. అమెరికాల కొన్ని జాగలల్ల మత్తు నర్సులే సొంతంగ ఇస్తరు. ఈడ నాకు పదకొండేండ్ల సంది ఫ్యూచరే ఉన్నది. ఇంక రాలే.”

“ఎప్పుడొస్తది మరి?”

“సీనియర్ పోస్టు ఖాళీ అయింది. సర్జన్ సోమేశ్వరరావు సార్ నా లెటర్ మీద సంతకం పెడితే నాదే. ఇయ్యాల సాయంత్రం దాక గడువు.”

“పెడ్తడా?”

“నేను నోరు మూసుకుంటే పెడ్తడు. సరే గని, రాత్రి నుంచి ఏం తినలే కదా?”

“లే.”

“నీళ్ళు?”

“లే.”

“చాయ్?”

“ముద్ద ముట్టలే బిడ్డా. నా పెండ్లాం నాగవ్వ మీద ఒట్టు.”

“పాపం ఆమెనెందుకు నడుమ ఇరికిస్తవు. పెరుగు చక్కెర?”

“పెరుగు చక్కెరనా బిడ్డా?”

“కాకా, పెరుగు చక్కెర తిన్నవా?”

“అది తినుడెట్లయితది? శకునానికి పెడ్తరు.”

“వేరే సిస్టర్లు అడగరు గని, మన సంగతి నాకు తెల్వదా. పరీక్షకు పోయినా, ఊరికి పోయినా నోట్లె పెరుగు చక్కెర పడాలె. ఎప్పుడు పెట్టిన్రు?”

“పొద్దుగాల ఏడింటికి.”

“ఎవలు?”

“ఓ పెద్దమనిషి. మంచి మనసుతోని పెట్టిండు, పేరెందుకు.”

“ఎంత?”

“ఒక చెంచెడు.”

“ఒకటేనా?”

“మొదాలు ఒకటి.”

“కాకా.”

“గిన్నెడు. చిన్న గిన్నె. అంత చిన్నది గూడ కాదు.”

“ఖలాస్. ఇయ్యాల ఆపరేషన్ లేదు.”

“అట్లనకు బిడ్డా. కంపెనీ ఈ లీవియ్యనీకే నెల రోజులు తిప్పింది, మళ్ళ ఇయ్యదు. ఈ నొప్పితోని సిమెంటు బస్తాలు మొయ్యలేక సస్తున్న.”

“మత్తులకు పోయినంక ఆ పెరుగు మీదికొచ్చి ఊపిరితిత్తులల్ల పడితే, ఇంక బస్తాలు మోసే పనే ఉండదు. నాకు భయమైతది కాకా, ఉత్తగ అంటలేను. ఆగు, సోమేశ్వరరావు సార్ ఫోన్. చేతులకు గ్లౌజులున్నయ్, స్పీకర్ల పెడుతున్న. చెప్పండి సార్.”

“ఏంటమ్మా కళా, ఇంకా పడుకోబెట్టలేదా? పన్నెండింటికి నాకు అద్లియాలో ఇంకో కేసుంది.”

“ఖలీద్ సార్ రాలేదు సార్.”

“వస్తాడులే, వంతెన మీద ట్రాఫిక్కట. నువ్వు మొదలెట్టేయ్. నీకు రాని పనా ఏంటి?”

“వచ్చు సార్. కానీ నిన్న మీటింగులో మీరే అన్నారు, మాస్కు పట్టుకోవడమే నా పని, నిర్ణయాలు డాక్టర్లవి అని.”

“అది మీటింగు. ఇది థియేటరు.”

“ఇంకోటి సార్. పేషెంటు పెరుగు తిన్నాడు.”

“ఆ… చెంచాడు పెరుగుకి మనిషి పోతాడా?”

“గిన్నెడు సార్.”

“గిన్నెడా? మొత్తం ఎందుకు తిన్నాడు?”

“అడిగి చెప్పమంటారా?”

“వద్దు వద్దు. అడక్కు. ఈ క్యాంపు జనాలు ఇంతేనమ్మా, ఏదో ఒకటి మేస్తూనే ఉంటారు. ఖాళీ కడుపని రాసేసి మొదలెట్టు.”

“నేను రాయను సార్. మీరొచ్చి రాసి, సంతకం పెట్టండి.”

“నీ లెటరు మీద కూడా నేనే సంతకం పెట్టాలి. గుర్తుందా?”

“గుర్తుంది సార్. అయినా మత్తివ్వను.”

“సరే. నీ ఖర్మ.”

“ఫోన్ పెట్టేసిండు. పదకొండేండ్లు పనిజేస్తే ఆఖరికి ఇది. ఏడుపొస్తున్నది కాకా, గ్లౌజులతోని కండ్లు గూడ తుడుసుకోరాదు.”

“నా వల్లనే గద బిడ్డా.”

“నీ వల్ల కాదు. ఆ పెరుగు పెట్టిన పెద్దమనిషి వల్ల. మీ క్యాంపుల వాడెవడో చెప్పు, పొయ్యి నాలుగు తిట్టొస్త.”

“మా క్యాంపోళ్ళను అనకు. ఫోన్ల సారు గూడ అట్లనే అంటే మనసుకు కష్టమైంది. నిన్న మా రూంల ఉండే స్వామి నా పక్కపొంటి కూసుండి నీళ్ళు గూడ ముట్టనియ్యలే.”

“మరెవలు పెట్టిన్రు?”

“ఇప్పుడు ఫోన్ల మాట్లాడిన గొంతే. వార్డుకొచ్చి, ‘నా చేత్తో పెడితే అంతా శుభమే’ అనుకుంట నోట్లె చెంచ పెట్టిండు. అంతట్ల ఫోనొస్తే గిన్నె నా చేతుల పెట్టి పోయిండు. డాక్టరిచ్చింది సగంల ఆపద్దంటరు గదా బిడ్డా, అందుకే మొత్తం తిన్న.”