నాలుగు ఓముల గొడవ

మాదాపూర్‌లో తెలంగాణ ఉద్యమ ధూంధాం పాటల వేదిక వెనక, రెండు స్పీకర్ పెట్టెల ముందు సౌండు మెకానిక్కు, బాస్ గిటార్ వాయించే బెజవాడ సాఫ్ట్‌వేరాయన కూచున్నారు.

“దేనికి దానికే ప్రత్యేకంగ వైరు ఇస్తున్న సారూ.”

“వద్దండీ. రెండూ నాలుగు ఓముల పెట్టెలు. విడివిడిగా ఇస్తే లోడు రెండు ఓములకు పడి ఆంప్లిఫయరు కాలిపోతుంది. ఒకదాని వెంట ఒకటి కలిపి, సిరీస్‌లో ఇవ్వండి.”

“ఏంది సారూ, మీ ఆంధ్రోళ్లు ఏడికి వోయినా కలిపే ఉంచుమంటరు!”

“నేను కాదండీ, నాలుగు ఓములకు తగ్గకూడదని ఆంప్లిఫయరు వెనకే రాసుంది.”

“కలిపితే సౌండు తగ్గదా?”

“కొంచెం తగ్గుతుందండీ.”

“చూసినవా! కలిస్తే తగ్గేది మా గొంతే.”

“కాలిపోతే అసలు గొంతే ఉండదు కదండీ.”

“సరే, కలుపుతున్న. ఇయ్యాల్టికే. మావోళ్లు చూస్తే ఇజ్జత్ పోతది, జర వైర్ల మీద ఏమన్న కప్పు.”

“కప్పేశానండీ.”

“ఏం కప్పినవ్?”

“జై తెలంగాణ బ్యానరు.”