సెకనుకొక్క చూపు

సంతోష్‌నగర్‌లో సీతారాం సేటు మందుల గోదాం. అన్నం గంట కావడంతో అందరూ బయటికి పోయారు. ర్యాకుల దగ్గర డబ్బాలు తీసే మల్లన్న, గోదాం ఫోన్లలో డబ్బాల బార్‌కోడ్ చదివే యాప్ రాసిన కీర్తిప్రియ ఇద్దరే మిగిలారు. హుస్సేనీ ఆలంలో ఇద్దరిదీ ఒకటే గల్లీ.

“లైటు సక్కగ లేదు బిడ్డా. గంతే. ట్యూబులైటు కొట్టుకుంటుంది.”

“లైటు అందరికీ గదే కదా కాకా. స్వరూపక్క పొద్దటి నుంచి రెండొందల డబ్బాలు తీసింది. నువ్వు నలభై.”

“ఫోన్ పాతది.”

“ఆమెదీ గదే ఫోన్.”

“నువ్వేం జేసినవో చెప్పు ముందుగాల. సోమారం దాకా మంచిగుండె. డబ్బా ముంగట పెట్టంగనే టింగుమంటుండె. ఇప్పుడు ఒక్క డబ్బాకు ఎంతసేపు నిలవడాలె?”

“చూసే లెక్క తగ్గించిన. ఇదివరకు కెమెరా సెకనుకు ముప్పైసార్లు చూసేది, బార్‌కోడ్ ఉందా, ఉందా, ఉందా అని. ఇప్పుడు సెకనుకొక్కసారే చూస్తది.”

“ఎందుకు తగ్గించినవ్ మరి?”

“ఎందుకా? ఫోన్లు కాలుతున్నయని మీరంత ఇన్సులిన్ ఫ్రిజ్‌ల పెట్టలేదా? సేటు తలుపు తీస్తే సీసాల నడుమ తొమ్మిది ఫోన్లు పండుకోనున్నయి.”

“మాతోని డబ్బాలు తీసే డానియేలు చెప్పిండు. చల్లగైతయన్నడు.”

“ఫోన్లు చల్లగైనయి. ఇన్సులిన్ వేడైంది. సరుకంత పారబోసిన్రు. మస్తు లొల్లి చేసిండు సేటు.”

“నన్నొక్కని అంటవేంది. అందరు పెట్టిన్రు.”

“ఎవర్నీ అంటలే. రేపు సేటు లిస్టు చూస్తడు. దినానికి వంద దాటనోళ్ళను రావద్దంటడు. నీ పేరు ముంగట నలభై ఉంది. గందుకే అడుగుతున్న. ఏమైంది?”

“ఏం గాలే.”

“కాకా, ఈ డబ్బా పట్టుకో. గా చేత ఫోన్ పట్టుకో. నిలబెట్టు.”

“పట్టుకున్న.”

“నిలబెట్టు జర.”

“నిలబెట్టిన్నే.”

“నిలుస్తలేదు.”

“పొద్దుగాల చాయ్ తాగలే. గందుకే.”

“కాకా.”

“చాయ్ తాగితే నిలుస్తది.”

“ఎన్ని దినాలాయె చెయ్యి వణుకబట్టి?”

“... దసరాకు ముందుగాలకెళ్ళి.”

“డాక్టరుకు చూపించినవా?”

“కంపెనీ కార్డు మీద చూపిస్తే కాగితం సేటు దగ్గరికొస్తది. వణికే చేతులతోని మందులు తీస్తున్నడంటే ఉంచుతడా? చూపియ్యకుంటె చెయ్యి పోతది, చూపిస్తే నౌకరీ పోతది. ఇగ నన్నేం జెయ్యమంటవ్.”

“చిన్నమ్మకు ఎరుకనా?”

“తెల్వదు. చాయ్ సగం గ్లాసే పొయ్యమంట, ఒలకకుంట. షుగరొచ్చినట్టు భయపడుతున్నవేంది అని నవ్వుతది.”

“ముప్పైసార్లు చూస్తుంటే ఎక్కడ్నో ఒక్కసారన్న నీ చెయ్యి నిలిచేది. గప్పుడు పట్టుకునేది. ఇప్పుడు అది చూసే ఒక్కసారికే నీ చెయ్యి కదులుతుంటది. నేనే నీ కడుపు మీద కొట్టిన కాకా.”

“గట్లనకు. నీకేమెరుక. ... నా ఒక్క ఫోన్లనన్న తీసేస్తవా బిడ్డా, గా లిమిటు?”

“సేటుకు తెలిస్తే నన్ను గూడ పంపుతడు.”

“ఎట్ల తెలుస్తది? ఎవ్వరికి చెప్ప. కాలితే కాలనియ్యి, గుడ్డ చుట్టుకుంట. ఈ వయసుల ఇంకో గోదామోడు నన్ను చూస్తడా? లోపలికే రానియ్యడు. దండం పెడ్త.”

“దండాలేంది కాకా, నువ్వు నాకు పెట్టుడేంది. ఫోన్ ఇటియ్యి.”

“మంచిగుండు బిడ్డా.”

“ఉండు. ... అయింది. ఆర్డర్ల ఏముందో తియ్యి, చూద్దం.”

“బీపీ గోళీలు. ఇగో. ... విన్నవా? పెట్టంగనే టింగుమన్నది.”

“విన్న.”

“ఇగ ఫికర్ లేదు. వందేంది, రెండొందలు తీస్త. ... ఏంది గట్ల చూస్తున్నవ్? జరుగు, ట్రేల ఎయ్యనియ్యి.”

“ఎయ్యకు. నీ చేతిల డబ్బా మీద ఏం రాసుంది?”

“ఏం రాసుంటది. టింగుమన్నది గదా.”

“చదువు కాకా.”

“... షుగర్ గోళీలు.”

“ఫోన్ ఊగి ఎనకున్న ర్యాకును చూసింది. ఆడ బీపీ డబ్బా ఉంది. దాన్ని పట్టుకోని సరే అన్నది. నీ చేతిల దాన్ని చూడనే లేదు.”

“రెండు పక్కపక్కనే ఉంటయి. రంగు గూడ ఒక్కతీరే.”

“టింగుమన్నంక పేరు చూసినవా ఎన్నడన్న?”

“చూసుడేంది. మీరే చెప్పిన్రు గదా, టింగుమంటే సరైందే, చదువుకుంట నిలవడొద్దని.”

“చెప్పినం.”

“దసరాకెళ్ళి తప్పు డబ్బాలు గిట్లనే పోయినయా బిడ్డా?”

“ఎన్నో పోయుంటయి.”

“ఎవరింటికి పోయినయో. ఎవరు మింగిన్రో. ... బిడ్డా, నీ యాప్‌ల రాసుంటది గదా? నా చేతికెళ్ళి ఏది తప్పు పోయిందో తియ్యి. దుకాణం దుకాణం తిరిగి వాపసు తెస్త. నౌకరీ పోతే పోనియ్యి, సేటుకు నేనే చెప్త.”

“చూస్తున్న.”

“చూసినవా?”

“చూసిన. ఫోన్ పట్టుకున్నదే రాస్తది, నువ్వు ట్రేల ఏసింది గాదు. అన్నీ సరైనయే అని రాసుంది కాకా. దసరా నుంచి ఈ గోదాంల ఒక్క తప్పు గూడ లేనోనివి నువ్వొక్కనివే.”