ఆరని రంగు

డెబ్బై ఎనిమిదిలో, వానాకాలం. జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్‌లో ముసురు పట్టింది. ఇళ్ళకు రంగులు వేసే భర్త, ఒళ్ళో చంటిపిల్లతో భార్య, కొత్త కర్ర ఉయ్యాల ముందు కూర్చున్నారు.

“మావా, రంగింకా సేతికి అంటుకుంటంది. రేపే గదా పిల్లని ఉయ్యాల్లో ఎయ్యడం!”

“ఈ ముసురుకి ఆరడం నేదే.”

“డ్రయ్యర్ కలిపితే బేగి ఆరిపోద్దంటావు గదా. అది కలిపి ఇంకో పూత ఎయ్యి.”

“దాన్లో సీసం ఉంటాది. పళ్ళొచ్చేక పిల్ల ఈ కమ్మీలు కొరుకుద్ది. సీసం కడుపులోకెల్తే విషమే. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కి సేతులెలా పడిపోయాయో సూసినాను.”

“మరి నువ్వు రోజూ దాన్నే కలుపుతావు గదా మావా?”

అతను రంగంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“అందుకేనా పిల్లనింకా ఎత్తుకోనేదు? ఆడపిల్ల పుట్టిందని కోపమనుకున్నాను.”

“కోపమేటే! ఈ సేతుల్తో దాన్ని ముట్టుకోడానికి బయ్యం.”

“ఎర్రి మావా! సేతులు పట్టు. సబ్బుంది, నీళ్ళు పోత్తాను.”

ఆమె అతని వేళ్ళ సందులు కూడా రుద్ది కడిగింది. కొంగుతో తుడిచి, పిల్లను అతని చేతుల్లో పెట్టింది.

“మరి ఉయ్యాల?”

“రంగంతా గీకేద్దాం. ఉత్త కర్రయితే ఊగదా ఏటి?”

“ఏటే, ఇది నన్నే సూత్తంది!”

“సూడదా మరి? దాని అయ్య ఇప్పుడే గదా దొరికినాడు.”