చెట్టు కింద నిలబడిన మాస్టారు

1994 జూలై 18వ తేదీన, ముసురు పట్టిన సోమవారం ఉదయం, శ్రీ గెడ్డం బెంజమిన్ గారు కొత్తపేటలోని మన పాలిటెక్నిక్‌లో మెకానికల్ అధ్యాపకులుగా బాధ్యతలు స్వీకరించారు. రాజోలు నుంచి రెండు బస్సులు మారి, తడిసిన బూట్లతోనే తరగతిలో అడుగుపెట్టిన ఆయన, ఈ నెలాఖరున విభాగాధిపతిగా విరమణ పొందుతున్నారు.

తొలి ఏళ్లన్నీ లేత్ మిషన్ల నడుమ గడిచాయి. పాడైన పంపుసెట్టు ఏ రైతు తెచ్చినా ఆయన కాదనలేదు.

విభాగాధిపతి అయ్యాక వారి దృష్టి కొబ్బరి దింపు మీదికి మళ్లింది. చెట్టెక్కే మనుషులు కరువైన రోజుల్లో, తనంతట తానే చెట్టును ఎంచుకుని, ఎక్కి, ముదిరిన గెల చూసి కోసే యంత్రాన్ని విద్యార్థులతో కలిసి నిర్మించారు. నిర్ణయం దానికే అప్పగించారు గాని, అది అలిగిన కొత్త అల్లుడిలా ఎప్పుడేం చేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకనాడు కాపున్న చెట్టు వదిలి కరెంటు స్తంభం ఎక్కబోయింది.

ఆ బృందంలో మా అమ్మాయి అనిత ఉండేది. యంత్రాన్ని కొనడానికి వచ్చిన హైదరాబాదు సంస్థ, దాన్ని కట్టిన పిల్లలకు ఉద్యోగాలు కూడా ఇస్తామంది. ప్రదర్శన నాడు, మర్యాదకు లోటు రాకూడదని మనవాళ్లు అతిథుల కుర్చీలు కొబ్బరి నీడనే వేశారు. బెంజమిన్ గారు వాటిని దూరంగా ఎండలోకి మార్పించారు. చెట్టు కింద, యంత్రాన్ని ఆపే తాడు పట్టుకోవలసిన అనితను "నువ్వెళ్లి ఆళ్లకి బొండాలియ్యమ్మా" అని పంపి, తాను నిలబడ్డారు. యంత్రం చక్కగా ఎక్కింది. గెల కోసి పక్కన కట్టిన వలలో వేయవలసినది, ఏమనుకుందో, మాస్టారి వైపు తిరిగి వదిలింది. తప్పుకోబోతున్న మాస్టారి ఎడమ భుజం దెబ్బతింది.

"చిన్న లోపమే కదండీ, ఇకపై ఇలా జరగదని సంతకం చేసేయండి" అన్నారు సంస్థవారు.

"ఆయ్, చేయలేనండి. ఎందుకలా చేసిందో నాకే తెలీదు. సొంతంగా ఆలోచించమని వదిలేం, ఆలోచించింది. రేపు ఎవరి పెరట్లో ఏం ఆలోచిస్తుందో తెలీకుండా ఎలా ఇస్తామండీ?" అన్నారాయన, భుజం పట్టుకునే.

ఒప్పందం పోయింది, ఉద్యోగాలూ పోయాయి. అనిత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం పిల్లలను మళ్లీ కూర్చోబెట్టి, కింద మనిషి అలికిడైతే ఆగిపోవడం యంత్రానికి నేర్పించారు. అది నేటికీ మొరాయిస్తుంది గాని, మనిషి ఉంటే కత్తి కదపదు.

మాస్టారి ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. సన్మాన సభలో శాలువా కప్పే పని అనిత అడిగి తీసుకుంది. ఆ గెల కింద ఉండవలసింది తానేనని ఆమెకు తెలుసు.

మాస్టారూ, నా బిడ్డను నాకు మిగిల్చిన మీ రుణం తీర్చుకోలేను. మీ శ్రీమతి దీనమ్మ గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. ఇక ఆ చెట్టు కింద మేం నిలబడతాం.

— శివనాగరాజు, గణిత విభాగం