కోను పడగొట్టిన గురువుగారికి అభినందన

1992వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన బస్సు డిపో గేటులోంచి ఒక సన్నని యువకుడు, మడత చెదరని కొత్త యూనిఫారంతో, చేతిలో నియామకపు ఉత్తర్వుతో, మొహంలో దాచలేని భయంతో లోపలికి అడుగుపెట్టారు. ఆ యువకుడే నేడు నెరసిన జుట్టుతో, కాస్త ముందుకు వచ్చిన పొట్టతో, డ్రైవర్ల శిక్షణ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన గురువర్యులు, డిపో నోటికి అలవాటైన అద్దం మాస్టారు.

తొలి పదకొండు సంవత్సరాలు ఆయన ఆసుపత్రి మీదుగా మార్కెట్‌కు వెళ్ళే రూటులో బస్సు నడిపారు. ఆ రూటులో రోగులూ ఉంటారు, గుడ్ల బుట్టలూ ఉంటాయి. ఆ రెంటికీ దెబ్బ తగలకుండా బ్రేకు వేయడం ఒక విద్య అయితే, అందులో ఆయన ఆరితేరిన విద్వాంసులు. "మాస్టారి బండిలో నిలబడి టీ తాగొచ్చు, చొక్కా మీద చుక్క పడితే నన్నడగండి" అని ఆయనతో పనిచేసిన కండక్టరు పందెం కాసేవారు. ఆ పందెం ఎవరూ గెలవలేదు. ఆ నైపుణ్యాన్ని గుర్తించిన సంస్థ ఆయనను శిక్షకునిగా నియమించింది. ఎదుట కూర్చున్న ప్రతి ట్రైనీకీ "అద్దం చూడు నాయనా, అద్దం చూడు" అని రోజుకు వంద సార్లు చెప్పడం వల్ల ఆయనకు ఆ బిరుదు సిద్ధించింది. సన్మాన సంచికలో లోపాలు రాయకూడదంటారు గానీ, ఆయన నోటికి తాళం లేదన్న సంగతి రాయకపోతే ఈ వ్యాసాన్ని ఆయన శ్రీమతిగారే నమ్మరు.

శిక్షకులు కూడా ఏడాదికోసారి ట్రైనీల మాదిరిగానే పరీక్షకు కూర్చోవాలనీ, తప్పినవారు మళ్ళీ నెగ్గేదాకా స్టీరింగ్ ముట్టరాదనీ నియమం పెట్టించినది ఆయనే. సహచరులు ససేమిరా అన్నారు. "పెళ్ళై పిల్లలున్నవాడికి మళ్ళీ పెళ్ళిచూపులేంటి మాస్టారూ?" అని ఒకరు దెప్పారు. "గురివింద గింజకి తన నలుపు కనపడదంటారు కదయ్యా. మనం ఎక్కడ వంకరగా ఉన్నామో మనకి తెలియకుండా, ఎదుటివాణ్ణి తిన్నగా నడపమని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?" అని ఆయన జవాబిచ్చారు. మొదటి పరీక్షకు తానే ముందు కూర్చుని, నెగ్గి, మిగిలినవారిని కూర్చోబెట్టారు.

ఆ తరువాత కొన్నేళ్ళకు విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. అర్హుల్లో అగ్రగణ్యులు మాస్టారే. "మీకు కావాలా?" అని అడిగినవారితో "కావాలండీ, ఎందుకు కాదంటాను?" అని ఆయన దాపరికం లేకుండా అన్నారు. ఎంపిక కమిటీ ముందు హాజరు కావడానికి ఆ ఏటి పరీక్ష నెగ్గి ఉండాలి. కమిటీ సమావేశం పరీక్షకు మరునాడే. పరీక్షకురాలిగా వంతు వచ్చినది అప్పుడే ఉద్యోగంలో చేరిన యువ శిక్షకురాలికి. పాపం, తనకు పాఠం చెప్పిన గురువుకే ఆవిడ మార్కులు వేయవలసి వచ్చింది.

రెండు వరుసల ప్లాస్టిక్ కోన్ల మధ్య, ఒక్కటీ పడకుండా, బస్సును వెనక్కు నడపాలి. ట్రైనీలందరూ గోడ మీద కూర్చుని చూస్తున్నారు. పక్క సీటులో బిక్కచచ్చిపోయి ఉన్న ఆ అమ్మాయిని చూసి మాస్టారి మనసు కరిగింది. పరీక్షలో ఉన్నది తానన్న సంగతి మరిచి పాఠం మొదలుపెట్టారు.

"చూడమ్మా, కొత్తవాళ్ళు పప్పులో కాలేసేది సరిగ్గా ఇక్కడే. పక్కవాళ్ళతో కబుర్లలో పడి కుడి అద్దం చూడరు..."

ఆ మాట ఆయన పూర్తిగా ఆమె వైపు తిరిగి చెబుతుండగానే, కుడివైపు చివరి కోను వెనక చక్రం కిందకు వెళ్ళిపోయింది. గోడ మీద ఒక నవ్వు మొదలై, మధ్యలోనే ఆగిపోయింది.

మాస్టారు దిగి, నలిగిపోయిన కోనును చేతిలోకి తీసుకుని చూశారు. డిపో మేనేజరు గారు పరుగున వచ్చారు. ఆయన ఉద్దేశం మంచిదే. "ఒక్క కోనేగా, గాలికి పడిందనుకుందాం. రేపు కమిటీ ఉందమ్మా, ఆలోచించి రాయి" అన్నారు. శిక్షకురాలు కలం పట్టుకుని మాస్టారి మొహంలోకి చూసింది. ఆ క్షణంలో తన మనసు కూడా మేనేజరు గారి పక్షానే చేరిందని, గాలి బాగానే వీస్తోందని అనిపించిందని మాస్టారే తరువాత ఎందరికో నవ్వుతూ చెప్పుకున్నారు. అప్పుడు ఆయన చూపు గోడ మీదికి వెళ్ళింది. అదే ఉదయం కోను పడగొట్టి, ఆయన చేతుల మీదుగా తప్పిన ట్రైనీ అక్కడే కూర్చుని ఉన్నాడు.

"వాడి కోనుకి లేని గాలి నా కోనుకి ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?" అన్నారు మాస్టారు. ఆమె వైపు తిరిగి, "రాయమ్మా. నువ్వు చూసిందే రాయి" అన్నారు.

ఆమె రాసింది. పదవి మరొకరికి వెళ్ళింది. మాస్టారికి బాధ కలగలేదంటే అది అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రం ఆయనకు ముద్ద దిగలేదు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆయన శ్రీమతి డ్యూటీ నుంచి వచ్చి, జరిగినదంతా విన్నారు.

"అయితే పోస్టు పోయిందా?"

"పోయింది."

"నోరో?"

"ఉంది."

"అదే పోయినా బాగుండేది!" అని ఆవిడ పకపకా నవ్వారు. మాస్టారు కూడా ఆ నవ్వులో కలిసి, ఆపైన కంచం ముందుకు లాక్కున్నారు.

మరునాటి నుంచి, మళ్ళీ పరీక్ష నెగ్గేదాకా, ఆయన ట్రైనీల బస్సులో వెనక సీటులో విద్యార్థిగా కూర్చున్నారు. అప్పుడే ఆయన ఎదురుచూడని విచిత్రం జరిగింది. ఒక సీనియరు డ్రైవరు దగ్గరికొచ్చి, "మాస్టారూ, మొన్న బండికి గీత పడింది చూశారూ, ఎవడో వచ్చి గుద్దాడని చెప్పాను. ఎవడూ రాలేదు. నేనే స్తంభానికి గీరుకునేలా తిప్పాను" అని ఒప్పుకున్నారు. ఆయన వెనకే ఇంకొకరు, బ్రేకు జారుతున్నా తిడతారని చెప్పలేదంటూ వచ్చారు. దాచుకున్న తప్పులన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. షెడ్డులో మెకానిక్కులకు చేతినిండా పని, రోడ్డు మీద ప్రయాణికులకు క్షేమం. మాస్టారికి కుర్చీ రాకముందే నాయకత్వం వచ్చేసింది. వెనక సీటు ఆయనకూ ఒక పాఠం చెప్పింది. "మీ మాటలు వింటుంటే రోడ్డు కనపడట్లేదు మాస్టారూ" అని ఒక ట్రైనీ ధైర్యం చేసి అనడంతో, నోరు మూసుకోవడం అనే కళలో ఆయన సాధన మొదలుపెట్టారు. ఆ సాధన ఫలించడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టిందన్నది వేరే విషయం.

నాలుగేళ్ళకు అధిపతి కుర్చీ ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీతో పాటు గొంతు మార్చుకునే పెద్దలను మనం చూశాం గానీ, మాస్టారు చొక్కా కూడా మార్చలేదు. తెలియనిదాన్ని తెలియదన్నారు, కోపం వస్తే కోప్పడ్డారు, తప్పు తనదైతే ఆ మాట అందరిలో చెప్పి మరీ క్షమాపణ అడిగారు. ఆయన చేతుల మీదుగా వెళ్ళిన డ్రైవర్లు నేడు అన్ని రూట్లలోనూ ఉన్నారు. వారిని చూసి నిశ్చింతగా కునుకు తీసే ప్రయాణికులకు ఆయనెవరో తెలియదు. తెలియనవసరం లేకుండా చేయడమే ఆయన ఘనత.

ఆయన తరువాత ఆ బాధ్యత స్వీకరిస్తున్నది, నాడు ఆయన పరీక్ష తప్పారని రాసిన ఆ శిక్షకురాలే. ఆమె పేరు సిఫారసు చేసింది మాస్టారే అని వేరే చెప్పనక్కరలేదు. గత వారం ఆమె వార్షిక పరీక్షకు స్టీరింగ్ ముందు కూర్చుంటే, పక్క సీటులో పరీక్షకునిగా మాస్టారు కూర్చున్నారు. బస్సు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఆయన పెదవి విప్పలేదు. మలుపుల దగ్గర ఆయన పడ్డ అవస్థ చూసి గోడ మీదివాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. ఒక్క కోనూ కదలలేదు. ఇంజను ఆపి ఆమె ఆదుర్దాగా అడిగింది.

"ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ? ఒక్క మాట కూడా అనలేదేంటి?"

"ఏమనాలమ్మా? బండి నీది. నేను ప్రయాణికుణ్ణి" అన్నారు మాస్టారు. అని, సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయారు.

మాస్టారూ, మీరింక నిశ్చింతగా కిటికీ పక్క సీటులో కూర్చోండి. మీ పక్కన శ్రీమతిగారు నవ్వుతూ ఉండాలి, మీ కంటిచూపూ కాళ్ళ సత్తువా చెక్కుచెదరకుండా నిండు నూరేళ్ళు మీ వెంట నడవాలి, మీరు తయారుచేసిన చేతులే మిమ్మల్ని వెళ్ళాలనుకున్న ప్రతిచోటికీ కుదుపు లేకుండా చేర్చాలి. దారిలో ఎంతసేపైనా మాట్లాడండి, వినడానికి మేమందరం ఉన్నాం.