ఫొటోల్లో లేని మనిషి కెమెరా

“అమ్మమ్మా, ఫోన్లో రికార్డింగ్ పెట్టాను. కెమెరా ఎలా పాడైందో, ఎలా బాగైందో మొదట్నించీ చెప్పు.”

పాడైందనకే. పాడుచేశారు. ముందు ఆ మాట సరిగ్గా అను. దానంతటది పాడయ్యే వస్తువు కాదది. నాతో పాటు కొండపల్లి కొండలెక్కింది, నాగాయలంక మడ అడవుల్లో బురద తొక్కింది, ఏనాడూ మొరాయించలేదు. మా తమ్ముడు పట్టుకెళ్ళాడు, పాడైంది. అంతే సంగతి.

మా తమ్ముడంటే ప్రసాదు, నీకు ప్రసాదు తాతయ్య. గన్నవరంలో ఎయిర్‌పోర్టు దగ్గర లాడ్జి ఉంది చూడూ, లాడ్జి అంటే వాడికి కోపం, హోటల్ అనాలిట. వాడు దసరాల ముందు వచ్చి, “అక్కా, ఆయుధపూజకి నీ పాత కెమెరా ఇయ్యి, పూజలో నిండుగా ఉంటుంది” అన్నాడు. దేవుడి పని కదా అని ఇచ్చాను. దసరా అయింది, దీపావళి అయింది, కార్తీకం కూడా అయిపోయింది. అడిగినప్పుడల్లా “రేపు పంపిస్తానక్కా” అంటాడు. నువ్వు ఆన్‌లైన్లో ఫిల్ము తెప్పించావు చూడు, అప్పుడు ఫోన్లో గట్టిగా అరిస్తే మొన్న డ్రైవర్ చేత పంపాడు.

వెనకాలే ఫోను. “అక్కా, అది చచ్చిపోయింది. మా రిసెప్షన్లో పెట్టుకుంటాను. అద్దాల పెట్టె చేయించాను. కింద ఇత్తడి పలక కూడా చెక్కించాను, మా నాన్నగారి కెమెరా అని. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను.”

నాన్నగారి కెమెరాట! నా ఒళ్ళు మండిపోయిందనుకో. నాన్నగారికి ఫ్యాను రెగ్యులేటర్ తిప్పాలంటేనే భయం, షాకు కొడుతుందని. ఆయన ఆ కెమెరాని చేత్తో ముట్టుకోలేదే. నేను బోటనీ లెక్చరర్‌గా చేరాక, పండక్కి చీరలు కూడా కొనుక్కోకుండా జీతంలో మిగుల్చుకుని, మద్రాసు వెళ్తున్న మా కొలీగ్, ఎవరూ, శకుంతల... కాదు కాదు, శకుంతల తర్వాత చేరింది, విశాలాక్షి, ఆవిడ చేత తెప్పించుకున్నది.

ఆ మాటే అన్నాను వాడితో. అంటే ఏమన్నాడో తెలుసా? “పాత ఆల్బమ్ నిండా నాన్నగారే ఉన్నారు కదక్కా, నువ్వెక్కడా లేవు” అన్నాడు.

ఫొటోలో కుర్చీ వేసుకు కూర్చున్నవాడు ఫొటో ఎలా తీస్తాడ్రా బుద్ధిలేనోడా! నేను లేనంటే తీసింది నేనని కదా అర్థం! వాడి ఉపనయనం నేనే తీశాను. మీ అమ్మ బారసాల నేనే తీశాను. చల్లపల్లి మేనత్త ఉండేది, ఫొటో అనగానే గట్టిగా కళ్ళు మూసుకునేది. ఆవిడ కళ్ళు తెరిచిన ఫొటో ఒక్కటి రావడానికి ఎంత ఫిల్ము తగలేశానో. “నువ్వు తియ్యవే, నీ చెయ్యి మంచిది” అనేవాళ్ళు అందరూ. “ఇలా ఇయ్యి, నువ్వూ వెళ్ళి నిలబడు” అన్నవాళ్ళు ఒక్కళ్ళు లేరు. నాకు బాధగానే ఉండేది. చెప్పలేదు అంతే.

సరే, చివరికి వాడే అన్నాడు, “ఆదివారానికి అది పనిచేస్తే నీ దగ్గరే ఉంచుకో అక్కా, లేకపోతే నా పెట్టెలోకి ఇచ్చెయ్” అని. నా వస్తువు నాదనిపించుకోడానికి నాకు పరీక్ష!

టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. చిన్న మర ఊడి దొర్లినా కనిపిస్తుంది కదా. ముందు ఫిల్ము తిప్పే లీవరు లాగి చూశాను. రాలేదు. అంటే ఏంటీ, షట్టరు ఇదివరకే ఎక్కించి ఉంది, విడవడమే మిగిలింది. బటన్ నొక్కాను. చప్పుడు లేదు. ఇక్కడే జనం కోపం కొద్దీ గట్టిగా నొక్కేస్తారు. నొక్కకూడదే. లోపల పళ్ళు సన్నగా ఉంటాయి, విరిగితే ఇక గాజుపెట్టే గతి. వెనక తలుపు తీసి కిటికీ వైపు పెట్టి చూస్తే రేకులు కనిపించాయి. లెన్సు మధ్యలో పల్చటి రేకులు ఉంటాయి, అవి తెరుచుకుని మూసుకుంటేనే ఫొటో. వాటి మీద నూనె మెరుస్తోంది! వాసన చూశాను. కుట్టుమిషను నూనె.

ఫోన్ చేశాను. “మా మేనేజరు రెండు చుక్కలు వేశాడక్కా, బిగుసుకుందని” అన్నాడు. అదేమన్నా గేటు మడతబందా? ఆ రేకులకి నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మరి ముందే ఎందుకు బిగుసుకుందిరా అంటే, “ఏమోనక్కా, మేం బొట్టు తప్ప ఏం పెట్టలేదు” అన్నాడు.

లెన్సు ముందున్న రింగు విప్పాలి. నా దగ్గర పనిముట్లెక్కడివి? నా చేతికర్ర అడుగున రబ్బరు బుడిపె ఉంది కదా, అది ఊడబెరికి రింగు మీద అదిమి తిప్పితే సుఖంగా వచ్చేసింది. ఇక ఆ రబ్బరు మళ్ళీ తొడగడం మర్చిపోయి ఇల్లంతా టకటకా తిరిగాను. కింది ఫ్లాటావిడ వచ్చి, “ఏవండీ, వడ్రంగం పనేమన్నా పెట్టారా?” అని అడిగింది.

లోపల చూద్దును కదా, సందుల నిండా కుంకం. నువ్వు తెచ్చిన లైటరు పెట్రోలుతో చెవిపుల్ల తడిపి తుడిచాను. నూనె పోయింది. నొక్కాను. కదల్లేదు. మళ్ళీ తుడిచాను. మళ్ళీ అంతే. అప్పుడు మాత్రం ఏడుపొచ్చిందే. ఆ ఇత్తడి పలకే కళ్ళ ముందు కనిపించింది. ఎందుకొచ్చిన పంతం అని లేచి వెళ్ళి కాఫీ కలుపుకున్నాను.

తిరిగొచ్చేసరికి తువ్వాలు మీద చీమల బారు. తిన్నగా కెమెరా దగ్గరికే. కాఫీ ఒలికిందా అంటే గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. మిషను నూనెకి చీమలెందుకొస్తాయి? అక్కడ తీపేదో ఉండాలి. దసరా, పూజ, తీపి. తట్టేసింది.

మళ్ళీ ఫోన్ చేశాను. “ఒరే ప్రసాదూ, కొబ్బరికాయ ఎక్కడ కొట్టావు?” “కెమెరా మీద కాదక్కా, పక్కన రాయి మీద.” “నీళ్ళో?” “అవి... అన్నిటి మీదా కాస్త చల్లాం.”

చల్లారుట! జనరేటర్ మీద చల్లుకో, నీ కారు మీద చల్లుకో, ఎవడొద్దన్నాడు? నేను పూజని తప్పుపట్టడం లేదు. మా ల్యాబ్‌లో మైక్రోస్కోపులన్నిటికీ ఏటా నేనే బొట్లు పెట్టేదాన్ని. స్టాండుకి పెట్టేదాన్ని, అదీ తడిపిన కుంకం, గోటితో. కొబ్బరికాయ వరండాలో కొట్టేవాళ్ళం. పూజ చేసే వస్తువు మీద ప్రేమ ఉండద్దూ?

కొబ్బరినీళ్ళు ఎండితే పాకం, పాకం పెట్రోలుకి కరగదు. నీళ్ళకి కరుగుతుంది. మన ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఉంది కదా, దాంట్లో కాస్త స్పిరిట్ కలిపి, పుల్లకి తడి కాదు, చెమ్మ తగిలేటట్టు అద్ది తుడిచాను. పుల్ల ఎర్రగా వచ్చింది. ఇంకోటి, ఇంకోటి, తెల్లగా వచ్చేదాకా. టేబుల్ ల్యాంపు కింద ఆరబెట్టి, పైన ఒక్కసారి పెట్రోలుతో తుడిచి, దణ్ణం పెట్టుకుని నొక్కాను.

టిక్.

చిన్న చప్పుడేనే, పక్క గదిలోకి కూడా వినపడదు. మళ్ళీ లీవరు లాగాను, మళ్ళీ టిక్. రింగు మళ్ళీ బిగించి, కూర్చుని వంద సార్లు నొక్కి ఉంటాను పిచ్చిదానిలా.

అదిగో, బెల్లు. ఆదివారం కదా, వాడే అయ్యుంటాడు, పెట్టె పట్టుకుని. ఉండు, తలుపు తియ్యకు. ముందు ఆ ఫిల్ము ఎక్కించు. ఆఁ, ఆ కొస పళ్ళకి తగిలించు. మూసెయ్. ఇప్పుడు నువ్వు అటు కిటికీ దగ్గరికి వెళ్ళు, నేనిక్కడ కుర్చీలో కూర్చుంటాను. ఆ చిన్న కిటికీలోంచి చూడు, మధ్యలో పచ్చటి చుక్కలో నేను ఇద్దరుగా కనిపిస్తానా? రింగు తిప్పు, ఆ ఇద్దరూ ఒకరయ్యేదాకా, అప్పుడే ఫొటో స్పష్టంగా వస్తుంది. నా కళ్ళజోడు చూసుకుని తిప్పు.

ఉండరా ప్రసాదూ, వస్తున్నాం! ఫొటో తీయించుకుంటున్నాను! ఎవరి కెమెరాతోనా? నా కెమెరాతో!

నవ్వమంటావా? నవ్వనే. ఇన్నాళ్ళ కోపం, అలాగే పడనీ. ఒకరయ్యామా? మా అమ్మే, నీ చెయ్యి చల్లగుండ, కదలకుండా పట్టుకుని నొక్కు.